పెడల్ స్టీల్ మీద క్లాసిక్ రాక్: ఏది వాయించినా కంట్రీ పాటలాగే వినిపిస్తోంది

బెళ్లందూరు_వంశీ

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది గిటార్ వాళ్లే అని తెలుసు. అయినా పెడల్ స్టీల్ (స్టాండు మీద పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు బార్ జార్చి, తీగల శ్రుతి మార్చే పెడల్స్ తొక్కుతూ వాయించే గిటార్) వాయించేవాళ్లు ఒకరిద్దరు ఉన్నారని పాత పోస్టుల్లో చూసి అడుగుతున్నాను.

మా బాబాయి డాలస్‌లో ఉంటారు. పక్కింటి పెద్దాయన అమ్ముతుంటే ఒక పెడల్ స్టీల్ కొని, పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు తెచ్చిచ్చారు. ఒకటే నెక్, పది తీగలు, ఇ9 ట్యూనింగ్ (తీగల్ని శ్రుతి చేసే ఒక పద్ధతి), మూడు పెడల్స్, నాలుగు మోకాలి లీవర్లు. అప్పట్నుంచి ఆఫీసు అయ్యాక దాని ముందే కూర్చుంటున్నాను. బార్ పట్టడం, అరచేత్తో తీగల్ని ఆపడం, కుడికాలు వాల్యూమ్ పెడల్ మీద పెట్టి ఎడమకాలితో తొక్కడం అలవాటయ్యాయి.

ఇబ్బంది ఎక్కడంటే, మా ఆఫీసులో నలుగురం కలిసి 60ల, 70ల రాక్ పాటలు వాయిస్తాం. కీబోర్డు లేదు. గిటార్, బేస్, డ్రమ్స్, నేను. నేను స్టీల్ మీద ఏదైనా ఎత్తుకోగానే పాట కాస్తా కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) అయిపోతుంది. స్వరాలు సరిగ్గానే ఉంటాయి, గిటార్ సోలోని యథాతథంగా దించుతాను, అయినా అంతే. దీపావళికి మా అపార్ట్‌మెంట్లో ప్రోగ్రామ్ ఉంది. లోపం ట్యూనింగ్‌లో ఉందా, నేను తొక్కే పద్ధతిలో ఉందా? సి6 అనే ఇంకో ట్యూనింగ్ నెక్ కూడా ఉన్నది కొనుక్కోవాలా?

జయనగర్_శ్రీధర్

వంశీ, ఏమీ కొనకు. ఉన్నదాంట్లోనే అంతా ఉంది.

ముందు ఎందుకలా వినిపిస్తోందో చెప్తాను. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరాన్ని పైకి లాగాడు. పాట పెద్ద హిట్టయింది, అమెరికాలో స్టీల్ వాయించేవాళ్లు ఎగబడి తమ వాయిద్యాలకు పెడల్స్ బిగించుకున్నారు. ఆ లాగుడు చుట్టూ, కంట్రీ సంగీతపు ఊరు నాష్‌విల్‌లో పెరిగినదే ఇ9. ఎ పెడల్ 5, 10 తీగల్ని బి నుంచి సి షార్ప్‌కి లేపుతుంది. బి పెడల్ 3, 6 తీగల్ని జి షార్ప్ నుంచి ఎ స్వరానికి లేపుతుంది. రెండూ కలిపి తొక్కి వదిలితే వచ్చే శబ్దం డెబ్బై ఏళ్లుగా జనం చెవుల్లో కంట్రీకి గుర్తుగా నాటుకుపోయింది. నువ్వు ఏ స్వరాలు వాయిస్తున్నావన్నది కాదు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి ఎలా వెళ్తున్నావో దాన్నిబట్టే పాట వాసన మారుతుంది.

ఇప్పుడు చేతికి పని. ఎ కీలో పాట అనుకో. ఎ మేజర్ పెడల్స్ లేకుండా 5వ ఫ్రెట్‌లో (తీగల కింద గీసిన 5వ గీత దగ్గర) దొరుకుతుంది కాబట్టి నువ్వు అక్కడే కూర్చుని వాయిస్తుంటావు. సోలోకి బార్‌ని 8కి తీసుకెళ్లు. అక్కడ 4, 8 తీగలు సి. 1, 7 తీగలు డి. 3, 6 తీగలు ఇ. 5, 10 తీగలు జి. ఎ పెడల్ తొక్కితే ఆ జి కాస్తా ఎ అవుతుంది. 2, 9 తీగల జోలికి పోకు. చూశావా, ఎ మైనర్ పెంటటోనిక్ (రాక్ సోలోలకి వాడే ఐదు స్వరాల వరస) మొత్తం బార్ కదలకుండా ఒకే ఫ్రెట్‌లో పరిచి ఉంది. జి నుంచి ఎ స్వరానికి వెళ్లే ఆ లాగుడు, రాక్ గిటారిస్టులు వేలితో తీగని ఒక మెట్టు బెండ్ చేసే లాగుడే.

అక్కడే 4వ తీగ మీటి, ఇ తీగల్ని అర మెట్టు పెంచే మోకాలి లీవర్ (మనవాళ్లు ఎఫ్ లీవర్ అంటారు) నెమ్మదిగా నొక్కు. సి, సి షార్ప్ అవుతుంది. మైనర్ గాంధారం మేజర్ వైపు ఒరిగే ఆ చిన్న కదలికలోనే బ్లూస్ ప్రాణం ఉంది. లీవర్ పూర్తిగా నొక్కక్కర్లేదు, సగంలో ఆపినా అందమే. ఇక 7వ తీగ మీద డి మోగుతుండగా బార్‌ని 9వ ఫ్రెట్ దాకా జార్చి వెనక్కి తెచ్చావంటే మిగిలిన బ్లూ నోట్ (బ్లూస్ రంగు ఇచ్చే స్వరం) కూడా వచ్చేసింది. బి పెడల్ మాత్రం ఈ ఫ్రెట్‌లో తొక్కకు.

రిథమ్ కావాలంటే 5వ ఫ్రెట్‌కి వచ్చి 8, 5 తీగల్ని కలిపి మీటు. ఎ, ఇ దొరుకుతాయి. రెండు దెబ్బలు అలా, రెండు దెబ్బలు ఎ పెడల్ తొక్కి. పాత రాక్ అండ్ రోల్ షఫుల్ అచ్చంగా వస్తుంది. అరచేతి అంచు తీగల మీద ఆనించి మీటితే ఇంకా బాగుంటుంది.

ట్యూబ్‌యాంప్_రఘు

శ్రీధర్ గారు చెప్పిన ఫ్రెట్లు, తీగలు అన్నీ కరెక్టే. కానీ నా అభిప్రాయం వేరు. రాక్‌కి పెడల్స్ అవసరం లేదు. ఆరు తీగల ల్యాప్ స్టీల్ ఒడిలో పెట్టుకుని, ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) వేసి, ఒక్క తీగ మీద వాయిస్తే చాలు. 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వినండి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ గిల్మర్ స్టీల్ ఆకాశంలో తేలుతున్నట్టు ఉంటుంది, అదంతా బార్ జారుడే. పెడల్ లాగుడు ఎంత బాగా చేసినా మెషీన్ చేసిన పనే. రెండు స్వరాల మధ్య దూరం ముందే బిగించి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా వెళ్లి ఆగుతుంది. రాక్‌లో ఆ చివర కాస్త గరుకుతనం, కాస్త తెగింపు ఉండాలి.

ఇంకో సంగతి. పదిహేను కిలోల పెట్టెని ఆటోలో వేసుకుని సిల్క్ బోర్డ్ దాటి రిహార్సల్‌కి వెళ్లే ఓపిక ఎన్నాళ్లు ఉంటుంది వంశీ?

కల్యాణ్‌నగర్_కవిత

రఘు గారూ, ఈ మాట నేను ఒప్పుకోను. నేను వాయించను, వింటాను. మా నాన్నగారి రికార్డులతో పెరిగాను. రాక్ చరిత్రలో పెడల్ స్టీల్ పక్క గుమ్మం నుంచి రాలేదు.

1969లో లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్‌లో జిమ్మీ పేజ్ స్వయంగా పెడల్ స్టీల్ వాయించాడు, మళ్లీ 1970లో మూడో ఆల్బమ్‌లోనూ వాయించాడు. అదే 1970లో క్రాస్బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ ‘టీచ్ యువర్ చిల్డ్రన్’కి గ్రేట్‌ఫుల్ డెడ్ నుంచి జెర్రీ గార్సియా వచ్చి వాయించాడు. 1971లో ఎల్టన్ జాన్ ‘టైనీ డాన్సర్’లో బి.జె. కోల్. 1972లో నీల్ యంగ్ ‘హార్వెస్ట్’లో బెన్ కీత్, రోలింగ్ స్టోన్స్ ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’లో అల్ పెర్కిన్స్. 1978 ‘సమ్ గర్ల్స్’లో రోనీ వుడ్. 2003లో స్టోన్స్ మన ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు గిటార్ పట్టుకుని నిలబడ్డాడే, ఆయనే. యెస్ బ్యాండ్‌లో స్టీవ్ హౌ సంగతి సరేసరి, ప్రోగ్రెసివ్ రాక్‌లో స్టీల్‌ని అంత ధైర్యంగా వాడినవాళ్లు తక్కువ.

నాకు బాగా ఇష్టమైన కథ పీట్ డ్రేక్‌ది. నాష్‌విల్ మనిషి, పక్కా కంట్రీ. బాబ్ డిలన్ ‘లే లేడీ లే’లో స్టీల్ ఆయనదే. 1970లో జార్జ్ హారిసన్ ఆయన్ని ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ కోసం లండన్ పిలిపించుకున్నాడు. డ్రేక్ తనతో ఒక గొట్టం తీసుకెళ్లాడు. స్టీల్ శబ్దం ఆ గొట్టంలోంచి నోట్లోకి వస్తుంది, పెదాలు కదిపితే స్టీల్ మాట్లాడుతుంది. 1964లోనే ఆ పద్ధతిలో ఆయనకి ‘ఫరెవర్’ అని ఒక హిట్ ఉంది. ఆ సెషన్లలో కుర్రాడు పీటర్ ఫ్రాంప్టన్ కూడా ఉన్నాడు. ఆ గొట్టం చూసి అతని మతి పోయింది. 1976లో ఫ్రాంప్టన్ లైవ్ ఆల్బమ్ ప్రపంచాన్ని ఊపేసినప్పుడు గిటార్ మాట్లాడింది కదా, ఆ మాటలు ముందు పెడల్ స్టీల్ మాట్లాడినవే. రాక్‌కి పెడల్ స్టీల్ అవసరం లేదని ఎలా అంటారు?

ట్యూబ్‌యాంప్_రఘు

కవిత గారూ, ఫ్రాంప్టన్ సంగతి నాకు తెలియదు, చాలా సంతోషం. కానీ మీ లిస్టులో సగం నెమ్మది పాటలు. వంశీ అడిగింది బ్యాండ్‌లో గట్టిగా వాయించే పాటల గురించి.

కల్యాణ్‌నగర్_కవిత

గట్టిగా కావాలంటే ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్ 1969 ఆల్బమ్‌లో స్నీకీ పీట్ క్లైనో ఫజ్ (ఇంకా ముతకగా గరుకు చేసే ఎఫెక్ట్) పెట్టి వాయించింది వినండి. పోకో బ్యాండ్‌లో రస్టీ యంగ్ అయితే పెడల్ స్టీల్‌ని లెస్లీ స్పీకర్‌కి (శబ్దాన్ని గుండ్రంగా తిప్పే స్పీకర్ పెట్టె) కలిపి హామండ్ ఆర్గన్‌లా వాయించేవాడు. తెలియనివాళ్లు ఆర్గనే అనుకుంటారు. ఇక రాబర్ట్ రాండాల్ఫ్. పదమూడు తీగల పెడల్ స్టీల్, కూర్చున్న కుర్చీ తన్నేసి లేచి వాయిస్తాడు. ఆయన వచ్చింది సేక్రెడ్ స్టీల్ సంప్రదాయం నుంచి. హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి చర్చిల్లో 1930ల నుంచీ స్టీల్ గిటార్ భజనని నడిపిస్తోంది, వేరే చర్చిల్లో ఆర్గన్ చేసే పని అక్కడ స్టీల్ చేస్తుంది. అందులో కంట్రీ ఛాయ వెతికినా దొరకదు.

మైలాపూర్_లలిత

చెన్నై నుంచి రాస్తున్నాను. నేను చిత్రవీణ నేర్చుకుంటున్నాను. పెడల్ స్టీల్ ముట్టుకోలేదు, కానీ మెట్లు లేని తీగల మీద కడ్డీ జార్చడం రోజూ చేసే పనే కాబట్టి నాలుగు మాటలు.

వంశీ గారూ, మీరు గిటార్ సోలోని యథాతథంగా దించుతున్నానన్నారు. అక్కడే నాకు సందేహం వచ్చింది. గిటార్ సోలో వేళ్లకి అమరినట్టు అల్లుకున్నది. చకచకా విడి స్వరాలు వస్తాయి. మీ వాయిద్యానికి బలం విడి స్వరాల్లో లేదు, స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న దారిలో ఉంది. కాబట్టి సోలో పక్కన పెట్టి, పాటలో గాయకుడు పాడే వరస తీసుకోండి. ముందు నోటితో పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు, ఏ అక్షరం దగ్గర కింద నుంచి జారు వేసి అందుకుంటున్నాడు, ఎక్కడ స్వరాన్ని కదపకుండా నిలబెట్టాడు, ఇవన్నీ మీ గొంతులోకి రావాలి. ఆ తర్వాత బార్. మా గురువుగారు పాడి వినిపించలేని సంగతిని వాయించనివ్వరు.

కంపనం గురించి ఒకటి. మీరు బార్ తీగల మీద పెట్టిన మరుక్షణం నుంచే చెయ్యి ఊపుతుంటారేమో చూసుకోండి, స్లయిడ్ వాయించే కుర్రాళ్లలో చాలామందికి ఆ అలవాటుంటుంది. రాక్ గాయకులు అలా పాడరు. స్వరాన్ని నిటారుగా పట్టుకుని, చివర్లో మాత్రం వెడల్పుగా, నిదానంగా ఊపుతారు. బార్ కూడా అలాగే నడవాలి. ముందు శ్రుతిలో నిలబడి, తర్వాత కదలాలి. బార్ వెనక ఉన్న వేళ్లు తీగల మీద ఆని ఉంటే వెనకవైపు గుయ్‌మనే శబ్దం రాదు.

రఘు గారు పెడల్ లాగుడు మెషీన్ పనే అన్నారు. పక్కనే ఇంకో తీగ కదలకుండా నిలబడి ఉండగా ఒక తీగ మాత్రమే జారడం నా చిత్రవీణ మీద సాధ్యం కాదు. నాకైతే అది చూస్తే ముచ్చటేస్తుంది.

బెళ్లందూరు_వంశీ

లలిత గారూ, శ్రీధర్ గారూ, చాలా థాంక్స్. వారం రోజులుగా 8వ ఫ్రెట్ మీదే ఉన్నాను. ఎఫ్ లీవర్ సగం నొక్కి ఆపడం భలే ఉంది. పాటల వరసలు పాడుకుంటూ వాయిస్తున్నాను, కింద ఫ్లాట్ వాళ్లు కూడా ఏం పాటో గుర్తుపట్టి అడిగారు.

అయితే కొత్త చిక్కు. ఓవర్‌డ్రైవ్ వేసి రెండు మూడు తీగలు కలిపి మీటితే అంతా ముద్ద అయిపోతోంది. ఒక్క తీగైతే బాగుంది. మా గిటార్ అబ్బాయి అదే ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో వాయిస్తే శుభ్రంగా వస్తోంది.

ట్యూబ్‌యాంప్_రఘు

ఇది నా ఏరియా. వంశీ, నీ స్టీల్ పికప్‌కి (తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే చుట్టకి) రెసిస్టెన్స్ కొలిచి చూడు. స్టీల్ పికప్‌లకి గిటార్ పికప్‌ల కన్నా చాలా ఎక్కువ చుట్లు చుడతారు, 15 కిలో ఓమ్స్ దాటడం మామూలే. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) పికప్ ఆరు చుట్టుపక్కల ఉంటుంది. అంటే మీ గిటార్ అబ్బాయికి సరిపోయిన గెయిన్ (గరుకు ఎంత ఉండాలో సర్దే నాబ్), నీకు రెండింతలు పడుతోంది. గెయిన్ సగానికి తగ్గించు, ఓవర్‌డ్రైవ్ పెడల్ మీది వాల్యూమ్ నాబ్ పెంచు.

తర్వాత తీగల ఎంపిక. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు పంపితే వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుట్టుకొస్తాయి. షడ్జం, పంచమం కలిపితే పుట్టేవి కూడా ఆ కార్డ్‌కి చెందినవే, అందుకే పవర్ కార్డ్స్ గట్టిగా నిలబడతాయి. మూడు నాలుగు తీగలు కలిపితే ఒకదానికొకటి పొసగని స్వరాలు గుంపుగా వస్తాయి. గెయిన్ ఉన్నప్పుడు 8, 5 జంట వాడుకో. మూడు తీగల కార్డ్స్ గెయిన్ తీసేసి వాయించు.

వాల్యూమ్ పెడల్ ఎక్కడ పెట్టావు? ఓవర్‌డ్రైవ్‌కి ముందు పెడితే కాలు వెనక్కి తీసినప్పుడల్లా గరుకు తగ్గి శబ్దం శుభ్రపడుతుంది. తర్వాత పెడితే గరుకు అలాగే ఉండి సౌండ్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నేనైతే తర్వాత, డిలేకి (ప్రతిధ్వని ఎఫెక్ట్) ముందు పెడతాను. అన్నిటికన్నా ముఖ్యం, మీటిన దెబ్బని వాల్యూమ్ పెడల్‌తో దాచకు. స్టీల్ వాళ్లు మీటాక కాలు ముందుకి తోసి శబ్దాన్ని ఊదినట్టు పుట్టిస్తారు. నెమ్మది పాటలకి అది అమృతం. రాక్‌లో మాత్రం పిక్ తీగని కొట్టిన ఆ చప్పుడు వినబడాలి. పెడల్ సగంలో పెట్టి కాలు కదపకుండా మీటు, స్వరం సన్నబడుతున్నప్పుడు మాత్రమే నెట్టు.

జయనగర్_శ్రీధర్

రఘు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. శ్రుతి చూసుకో. ట్యూనర్‌లో అన్ని తీగలూ సరిగ్గా సున్నా దగ్గర పెట్టావంటే జి షార్ప్ తీగలు ఇ తీగలతో కలిపి మోగినప్పుడు అలలు అలలుగా కొట్టుకుంటాయి. శుద్ధమైన మేజర్ గాంధారం ట్యూనర్ చూపించేదానికన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అర మెట్టులో నూరో వంతు) కింద ఉంటుంది. అందుకే స్టీల్ వాళ్లు ఆ తీగల్ని 10 నుంచి 14 సెంట్ల దాకా దించి శ్రుతి చేస్తారు. అలా చేశాక ఓవర్‌డ్రైవ్ కొద్దిగా వేసి 6, 8 తీగలు మీటి చూడు. గిటార్ మీద గరగరలాడే జంట ఇక్కడ నిశ్చలంగా నిలబడుతుంది. మన వాయిద్యానికి ఉన్న ఈ వరాన్ని రాక్‌లో ఎవరూ సరిగా వాడుకోవట్లేదని నా బాధ.

పెడల్స్ రెండూ తొక్కినప్పుడు ఆ లాగుడికి బాడీ ఇసుమంత వంగి మిగతా తీగలు కొన్ని సెంట్లు దిగుతాయి. అది అన్ని స్టీల్స్‌కీ ఉన్నదే, కంగారు పడకు. బార్‌ని వెంట్రుక వాసి ముందుకి తోసి సర్దుకోవాలి. ఆ సర్దుబాటు కంటితో కాదు, చెవితో.

పీణ్య_సత్యం

మాది నెల్లూరు. పీణ్యలో చిన్న మెషీన్ షాపు నడుపుతాను, గిటార్ వాయించే మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ఇంతకుముందు ఒకరిద్దరికి స్లయిడ్ బార్లు చేసిచ్చాను.

వంశీ గారు ఓవర్‌డ్రైవ్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా, బార్ మీద గీతలున్నాయేమో చూడండి. మామూలుగా వినపడని సన్న గీత కూడా గెయిన్ పెంచగానే బుస్సుమంటుంది. గోరు అడ్డంగా లాగితే తగిలే గీత ఏదైనా పోగొట్టాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ తీసుకుని 22 మిల్లీమీటర్ల వ్యాసానికి తిప్పి, 82 పొడవులో కోసి, ఒక కొస గుండ్రంగా చేసి, రెండో కొసలో బొటనవేలు ఆనేలా గుంట తవ్వుతాం. తిప్పడం పది నిమిషాల పని. పాలిష్‌కే టైమ్ పడుతుంది. 400 ఎమెరీతో మొదలుపెట్టి 800, 1200, 2000 దాకా వెళ్లి ఆఖర్న బఫింగ్. లేత్‌లో ఎమెరీ పట్టినప్పుడు గీతలన్నీ చుట్టూ తిరిగి పడతాయి. తీగ కూడా బార్‌కి అదే దిశలో ఆనుతుంది. కాబట్టి ఆఖరి రెండు ఎమెరీలు బార్ పొడవునా చేత్తో లాగాలి, అప్పుడే బఫింగ్‌లో గీత పూర్తిగా పోతుంది. ఇది చాలా షాపుల్లో చేయరు.

ఇంకొకటి. మీ స్టీల్ కుడి కొసన శ్రుతి సర్దే నైలాన్ నట్లు చూశారా? వాటికి 3/16 అంగుళం కీ కావాలి. మన దగ్గర దొరికే 5 మిల్లీమీటర్ల కీ సరిగ్గా అమరదు, బలవంతం చేస్తే నైలాన్ పాడవుతుంది. ఎస్‌జేపీ రోడ్‌లో అంగుళాల సెట్ అని అడగండి, ఇస్తారు.

హెచ్ఎస్ఆర్_దీపక్

వంశీ చెప్తున్న గిటార్ అబ్బాయిని నేనే. వీడు ఇక్కడ ఇంత చర్చ పెట్టాడని ఇవాళే తెలిసింది. అందరికీ నమస్కారం.

బ్యాండ్ లోపలి నుంచి చూస్తే నాకనిపించేది చెప్తాను. వంశీ, నువ్వు సోలోలు వాయించాలని తంటాలు పడుతున్నావు గానీ, మనకి నిజంగా లేనిది ఆర్గన్. మనం తీసే పాటల్లో సగానికి పైగా వెనకాల హామండ్ నిండుగా ఉంటుంది. అది లేక మన సౌండ్ బోసిగా ఉంటోంది. నేను రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) వాయిస్తున్నప్పుడు నువ్వూ అదే రిఫ్ ఎత్తుకుంటే ఇద్దరం ఒకే చోట తోసుకుంటున్నాం. కవిత గారు చెప్పిన రస్టీ యంగ్ వీడియోలు వెతికి చూశాను. అది మనకి కావాలి. నా దగ్గర రోటరీ స్పీకర్ పెడల్ ఒకటి ఉంది, తీసుకెళ్లు.

జయనగర్_శ్రీధర్

దీపక్, చాలా మంచి మాట చెప్పావు బాబూ. స్టీల్‌కి రాక్ బ్యాండ్‌లో రెండు చోట్లు సహజంగా అమరుతాయి. ఒకటి లలిత గారు చెప్పిన గొంతు. రెండోది ఆర్గన్. గిటార్ కూర్చున్న చోటే కూర్చోవాలనుకుంటే రోజూ గొడవే.

ఆర్గన్‌లా వాయించడానికి అసలు కిటుకు ఇది. తీగ మీటక ముందే పెడల్ తొక్కు. శబ్దం లేనప్పుడు తొక్కితే లాగుడు ఎవరికీ వినపడదు, కార్డ్ మాత్రమే వినపడుతుంది. కంట్రీ వాసన అక్కడికక్కడే పోతుంది. 5వ ఫ్రెట్‌లో 8, 6, 5 తీగలు, పెడల్స్ లేకుండా ఎ మేజర్. చేత్తో తీగలు ఆపి, ఎ, బి పెడల్స్ తొక్కి, మళ్లీ మీటితే బార్ కదలకుండానే డి మేజర్. అవే పెడల్స్ అదిమి పెట్టి 7వ ఫ్రెట్‌కి వెళ్తే ఇ మేజర్. మూడు కార్డ్స్ రెండు ఫ్రెట్లలో వచ్చేశాయి. పాటలో జి కార్డ్ ఉంటే 3వ ఫ్రెట్, పెడల్స్ వదిలేసి. ఎ, జి, డి, మళ్లీ ఎ. 70ల రాక్‌లో ఈ వరస లేని బ్యాండ్ ఉందా?

ఆర్గన్ వాయించేటప్పుడు మాత్రం వాల్యూమ్ పెడల్‌తో మీటిన దెబ్బని దాచు. రఘు చెప్పినదానికి ఇది వ్యతిరేకం. ఆయన చెప్పింది సోలోకి, ఇది వెనకాల నింపడానికి. బార్ అస్సలు ఊపకు, ఊగడం రోటరీ పెడల్ చూసుకుంటుంది.

ట్యూబ్‌యాంప్_రఘు

ఆర్గన్ పనికి పెడల్ స్టీలే కావాలి, అది ఒప్పుకుంటాను. ల్యాప్ స్టీల్ మీద డి కార్డ్‌కి బార్ ఎత్తి పరిగెత్తాలి. సోలోకి మాత్రం నా మాట మీదే ఉన్నాను. వంశీ, నా ల్యాప్ స్టీల్ ఒకటి ఖాళీగా ఉంది, కావాలంటే ప్రోగ్రామ్‌కి తీసుకెళ్లు. వాయించి చూసి నువ్వే చెప్పు.

బెళ్లందూరు_వంశీ

రఘు గారూ, తప్పకుండా తీసుకుంటాను, కానీ ఒక పాటకే.

నిన్న జేపీ నగర్‌లో రిహార్సల్ అయింది. మీటక ముందే తొక్కడం అనే ఒక్క మార్పుతో మా డ్రమ్మర్ వాయించడం ఆపి నా వైపు తిరిగి చూశాడు. రోటరీ పెడల్ స్పీడ్ మార్చుకుంటూ ఎ, జి, డి వాయిస్తుంటే దీపక్ రిఫ్ అంతకుముందు ఎప్పుడూ లేనంత నిండుగా నిలబడింది. సోలోకి మాత్రం గాయకుడి వరసే రెండుసార్లు వాయించాను. మొదటిసారి ఉన్నదున్నట్టు, రెండోసారి పై స్థాయిలో ఎఫ్ లీవర్‌తో. అక్కడ ఎవరికీ కంట్రీ గుర్తు రాలేదు.

ఒక్కటే టెన్షన్. ప్రాక్టీస్ మధ్యలో 3వ తీగ తెగింది. తరచూ అదే తెగుతోంది. ప్రోగ్రామ్‌లో తెగితే ఎలా?

జయనగర్_శ్రీధర్

3వ తీగ తెగడం అందరికీ ఉన్నదే. 0.011 అంగుళం సన్న తీగ అది, మామూలుగానే బాగా బిగువుగా ఉంటుంది, బి పెడల్ తొక్కినప్పుడల్లా ఇంకా లాగుతావు. ఎప్పుడూ బ్రిడ్జి దగ్గర, తీగ వంగే చోటే తెగుతుంది. అక్కడ అల్యూమినియం మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూడు. పడి ఉంటే సత్యం గారి దగ్గరకి తీసుకెళ్లి నున్నగా పాలిష్ చేయించు. పూర్తి సెట్లు తెప్పించక్కర్లేదు, గిటార్ షాపుల్లో 0.011 ప్లెయిన్ తీగ విడిగా దొరుకుతుంది, అరడజను కొనిపెట్టుకో. ప్రోగ్రామ్‌కి ముందు రోజు సాయంత్రం కొత్తది వేసి, పెడల్ పదే పదే తొక్కి సాగనివ్వు, ఉదయం మళ్లీ శ్రుతి చెయ్యి. స్టేజి మీద తెగితే ఆర్గన్ కార్డ్స్‌కి 3 అక్కర్లేదు, 8, 6, 5 ఉన్నాయి. సోలోకి 8వ ఫ్రెట్‌లో ఇ స్వరం 6వ తీగ మీద కూడా ఉంది, కింది స్థాయిలో వాయించెయ్.

పీణ్య_సత్యం

శనివారం మధ్యాహ్నం రండి, బ్రిడ్జి చూద్దాం. స్టీల్ మొత్తం మోసుకురావాలి, ఆ భాగం విడిగా ఊడదీసి తేవద్దు. కింద రాడ్ల వరస మారితే మళ్లీ అమర్చడానికి రోజంతా పడుతుంది. కొత్త బార్ కూడా అప్పటికి రెడీ చేస్తాను.

కల్యాణ్‌నగర్_కవిత

దీపావళి ప్రోగ్రామ్ ఏ రోజో ఇక్కడ పెట్టండి వంశీ. బయటివాళ్లని రానిస్తారంటే నాన్నగారిని తీసుకుని వస్తాను.

హెచ్ఎస్ఆర్_దీపక్

రానిస్తారండీ, గేటు దగ్గర వంశీ ఫ్లాట్ నంబర్ చెప్తే చాలు, నంబర్ మీకు మెసేజ్ చేస్తాను. ఆరున్నరకి మొదలు. మొదటి మూడు పాటల్లో స్టీల్ ఆర్గన్ పని చేస్తుంది, నాలుగోదాంట్లో సోలో. రఘు గారూ, మీ ల్యాప్ స్టీల్ ఐదో పాటకి.